ఖమీస్‌లో మొరాయించిన తుపాకులు

నేను తుపాకులు బాగుచేసేవాడినని చెప్పగానే కొత్తవాళ్ళు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంటారు. అందుకని వెంటనే ఇంకో మాట కూడా చెబుతుంటాను. సైన్యంలో గడిపిన రోజులు పక్కన పెడితే, సౌదీలో నా చేతి మీదుగా వెళ్ళిన తుపాకులు మట్టి పళ్ళాలను తప్ప దేన్నీ పగలగొట్టలేదు. అప్పుడు కుర్చీ మళ్ళీ ముందుకొస్తుంది. "మట్టి పళ్ళాలా?" అని అడుగుతారు. అలా అడిగినవాళ్ళకు చెప్పడానికి నా దగ్గరొక కథ ఉంది. మీరు అడగకపోయినా ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజినీరు పిల్లలెవరైనా చదివితే, యంత్రం మొరాయించినప్పుడు దాన్ని పట్టుకున్న మనిషి మీద నేరం మోపే ముందు కాసేపు ఆగుతారని ఆశ.

సైన్యంలో ఆయుధాల మరమ్మతు నేర్చుకుని బయటికొచ్చాక, మొదట రాబిగ్‌లో ఒక పంపుల వర్క్‌షాపులో పనిచేశాను. ఎర్ర సముద్రం ఒడ్డు, ఉక్కపోత, ఒంటికి అంటుకుపోయే చొక్కా. మా ఆవిడ నర్సు. ఆమెకు ఖమీస్ ముషైత్‌లోని ఒక ఆస్పత్రిలో మంచి పోస్టు వచ్చింది. చెరో ఊళ్ళో కాపురం ఇష్టంలేక నేనూ అక్కడే పని వెతుక్కున్నాను. ఊరి బయట, అబహా వైపు కొండల్లో, ఒక షూటింగ్ క్లబ్బు ఉంది. తుపాకుల గది చూసుకోవడానికి ఇంజినీరు కావాలన్నారు. చేరిపోయాను.

సౌదీ అంటే మనవాళ్ళకు ఇసుక, ఎండ తప్ప మరేమీ గుర్తుకురావు. ఖమీస్ అలా కాదు. ఎత్తయిన కొండల మీది ఊరు. చలికాలం పొద్దున్నే బయటికొస్తే ఎదురింటి కారు మంచులో కనిపించదు. మా ఆవిడ ఒంగోలు నుంచి తెచ్చుకున్న శాలువా రాబిగ్‌లో పెట్టె అడుగున పడి ఉండేది. ఇక్కడ దానికి రోజూ పనే. మళ్ళీ మధ్యాహ్నమయ్యేసరికి ఎండ చురుక్కుమంటుంది. ఈ వాతావరణం గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది.

క్లబ్బులో ఆట ఇది. మైదానానికి అటొకటి, ఇటొకటి రెండు బురుజులు. వాటి లోపలి నుంచి యంత్రాలు మట్టి పళ్ళాలను గాల్లోకి విసురుతాయి. వాటిని షాట్‌గన్‌తో పగలగొట్టాలి. కొన్ని స్థానాల్లో రెండు పళ్ళాలూ ఒకేసారి ఎదురెదురుగా ఎగురుతాయి. మొదటిది పగలగొట్టి రెండోదాని వైపు తిరిగేలోపు తుపాకీ తనంతట తానే రెండో తూటా అందుకోవాలి. మా తుపాకులు అలా అందుకునే రకమే. తూటా పేలినప్పుడు పుట్టే వాయువులో కొంత, గొట్టం అడుగున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి వచ్చి ఒక పిస్టన్‌ను తోస్తుంది. అది బోల్టును వెనక్కి నెడుతుంది. ఖాళీ గుల్ల పక్కనున్న కిటికీలోంచి బయటికి ఎగురుతుంది. స్ప్రింగు బోల్టును మళ్ళీ ముందుకు తోస్తుంది, కొత్త తూటా లోపలికి చేరుతుంది. అంటే ఆ తుపాకీకి తిండి తూటాయే. తిండి సరిపోకపోతే అది పనిచేయదు. సరిపడనిది పెట్టినా పనిచేయదు.

నేను చేరిన కొద్ది నెలలకు క్లబ్బులో మహిళల జట్టు మొదలైంది. ట్యునీసియా నుంచి ఒకావిడ కోచ్‌గా వచ్చింది. సౌదీలో కోచ్‌లను కాప్టెన్ అని పిలుస్తారు కాబట్టి అందరికీ ఆవిడ కాప్టెనే. జట్టులో ఒక స్కూలు టీచరు, ఇద్దరు యూనివర్సిటీ అమ్మాయిలు, ఇంకొందరు. అందరిలోకీ గురి బాగా కుదిరింది ఒక ఫార్మసిస్టుకు. అబహాలో మందుల దుకాణంలో పనిచేసేది. పొద్దున్నే తన కారు తానే నడుపుకుంటూ వచ్చి, డ్యూటీ టైముకు వెళ్ళిపోయేది. సెలవు రోజుల్లో మధ్యాహ్నం దాకా ఉండేది.

వాళ్ళ కోసం తేలిక తూటాలు తెప్పించారు. అంతకుముందు క్లబ్బులో మగవాళ్ళు సరదాగా బరువైన తూటాలు కాల్చేవాళ్ళు. పోటీల్లో అవి కుదరవు. తూటాలో సీసపు గుళ్ళు ఇరవైనాలుగు గ్రాములకు మించకూడదని నియమం. ఎలాగూ పోటీలకే కదా అని ఆ కొలత తూటాల్లోనే భుజాన్ని తక్కువ తన్నే మెత్తటి రకం ఎంచుకున్నారు. సరుకు చాలకపోతే మధ్యలో ఇంకో కంపెనీవి కూడా వచ్చాయి.

అప్పటి నుంచి తుపాకులు జామ్ కావడం మొదలైంది.

రోజూ అదే మాట. "జామ్, యా ముహందిస్, జామ్!" ఇంజినీర్‌ను అక్కడ ముహందిస్ అంటారు. రేంజ్ మీద భద్రత చూసే పెద్దాయన పెషావర్ వైపు నుంచి వచ్చిన మాజీ సుబేదారు. ఆరడుగుల మనిషి, తెల్లటి మీసం. జామ్ అయిందనగానే రెండంగల్లో వచ్చి, తుపాకీ అందుకుని, ఆ పెద్ద చేత్తో బోల్టును ఒక్క లాగు లాగి, గుల్లను డబ్బాలో పడేసి, తుపాకీని ఖాళీ చేసి బల్ల మీద పెట్టేవాడు. నేను చేరేసరికి నాకు మిగిలేది శుభ్రంగా పడుకున్న తుపాకీ ఒక్కటే.

మగవాళ్ళ జట్టుకు ఆ బాధ లేదు. వాళ్ళలో చాలామందివి సొంత తుపాకులు, మావాటి రకమే. ప్రాక్టీసుకు బరువు తూటాలు కాల్చేవాళ్ళు. వాళ్ళ నాయకుడికి ఊళ్ళో కార్ల విడిభాగాల దుకాణం ఉంది. మంచివాడే, కాకపోతే నోటి దురుసు. "తుపాకీకి వెనక గోడ ఉండాలి ముహందిస్. ఆడవాళ్ళ భుజం గోడ కాదు, కర్టెన్" అన్నాడు ఒకరోజు కాఫీ తాగుతూ. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. కాప్టెన్ మాత్రం కప్పు కింద పెట్టి వెళ్ళిపోయింది.

జెద్దా నుంచి ఆ తుపాకులు అమ్మిన డీలరు మనిషి వచ్చాడు. సూటు, మంచి సెంటు. రెండు తుపాకులు తీసి చూసి, "తుపాకుల్లో లోపం లేదు. గట్టిగా పట్టుకోవడం నేర్పించండి. లేదా బరువు తూటాలు వాడండి" అని తేల్చేశాడు. పోటీలో బరువు తూటాలు కుదరవంటే, "అయితే అది మీ ఇష్టం" అన్నాడు.

పిస్తోళ్ళ విషయంలో ఆ మాట కొంత నిజం. మణికట్టు వదులైతే కొన్ని పిస్తోళ్ళు సరిగ్గా పనిచేయవు. వాయువుతో నడిచే షాట్‌గన్‌కు పట్టుతో పెద్దగా పని లేదు. ఇది నాకు తెలుసు. తెలిసినా గట్టిగా వాదించలేకపోయాను. ఎందుకంటే అసలు కారణమేదో నా దగ్గర లేదు.

నాకు తోచింది నేను చేశాను. స్ప్రింగులన్నీ కొత్తవి వేశాను. ఆ మధ్యాహ్నం నేనే రేంజ్ మీదికి వెళ్ళి, ఒక్కో తుపాకీతో కొన్ని మెత్తటి తూటాలు కాల్చి చూశాను. ఒక్కటీ ఆగలేదు. నేరుగా ముదీర్ గదిలోకి వెళ్ళి, "ఖలాస్, అయిపోయింది. రేపు మీరే వచ్చి చూడండి" అన్నాను. ముదీర్ అంటే మేనేజరు. మితభాషి. తల ఊపాడు.

మర్నాడు పొద్దున ఆయన నిజంగానే వచ్చాడు. మంచు ఇంకా విడలేదు. కాప్టెన్ మొదట ఆ ఫార్మసిస్టునే నిలబెట్టింది. జంట పళ్ళాలు ఎగిరాయి. మొదటిది పొడిపొడి అయింది. రెండోదానికి తుపాకీ పలకలేదు. పళ్ళెం దర్జాగా వెళ్ళి గడ్డిలో పడింది. తర్వాత నిలబడ్డ టీచరుకూ అంతే. ముదీర్ నా వైపు చూడలేదు, అదొక్కటే ఆయన నాకు చేసిన సాయం. కాసేపటికి పిలిపించి కూర్చోమన్నాడు.

"పోటీలు ఈసారి మన దగ్గరే జరుగుతున్నాయి. రియాద్ నుంచి, జెద్దా నుంచి, కసీమ్ నుంచి జట్లు వస్తున్నాయి. తుపాకీ ఒకటి రెండుసార్లు ఆగితే మన్నిస్తారు. ఆ పైన పోయిన పళ్ళెం పోయినట్టే. మన అమ్మాయిలు మన ఊళ్ళోనే నవ్వులపాలు కావడం నాకిష్టం లేదు. వారంలో తేలకపోతే జట్టు పేరు వెనక్కి తీసుకుంటాను."

"ఇంకో ఏడాది చూద్దామంటారా?"

"ఒకసారి వెనక్కి తీసుకుంటే ఇంకో ఏడాది ఉండదు, ముహందిస్. ఇది మొదలుపెట్టినప్పుడే వద్దన్నవాళ్ళున్నారు."

ఆ సాయంత్రం మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే నా వాలకం చూసింది.

"ఏంటండీ ఆ మొహం? మళ్ళీ జామయిందా?"

"అయింది."

"అసలు జామంటే ఏమవుద్ది?"

"జామంటే జామే. ఆగిపోద్ది."

"ఎక్కడ ఆగిపోద్ది?"

నేను తల గోక్కున్నాను. ఆమె టీ నీళ్ళు పెడుతూ అంది: "మా వార్డుకొచ్చి ఎవరన్నా కడుపునొప్పంటే కడుపునొప్పని రాసుకుని ఊరుకోం కదా. పైనా కిందా, తిన్నాకా తినకముందా, పొడుస్తుందా మెలిపెడుతుందా, ఎప్పటినించీ... అన్నీ అడుగుతాం. మాట ఒకటే గానీ రోగాలు బోలెడు. మీరు ఆ పిల్లల్ని కూచోబెట్టి అడిగారా?"

"లేదు."

"మరెవర్నడిగారు?"

"డీలరు మనిషిని."

ఆమె పగలబడి నవ్వింది. "బాగుందండీ. రోగిని గాలికొదిలేసి మందుల కంపెనీవాణ్ణి అడిగొచ్చారన్నమాట."

ఇన్నేళ్ళ కాపురంలో ఆమె నా వృత్తి గురించి మాట్లాడింది తక్కువ. మాట్లాడినప్పుడు మాత్రం తిరిగి చెప్పడానికి నాకేమీ మిగల్చదు.

మర్నాడు కాప్టెన్‌ను అడిగి అమ్మాయిలందరినీ క్లబ్బు వరండాలో కూర్చోబెట్టాను. గావా, అంటే అరబ్బుల కాఫీ, వచ్చింది, ఖర్జూరాలు వచ్చాయి. "తుపాకీ ఆగినప్పుడు మీరు చూసింది చూసినట్టు చెప్పండి" అన్నాను. ముందు కాసేపు అందరూ తమ భుజాల గురించే చెప్పారు. ఇంకా గట్టిగా పట్టుకుంటామని, ఇంటి దగ్గర వ్యాయామం చేస్తున్నామని. వింటుంటే నాకు సిగ్గేసింది. లేని తప్పు కోసం వాళ్ళు రోజూ కష్టపడుతున్నారు.

ఫార్మసిస్టు చివరిదాకా ఆగి, అప్పుడు చెప్పింది.

"యా ముహందిస్, పొద్దున ఆగేది ఒక తీరు, మధ్యాహ్నం ఆగేది ఇంకో తీరు. పొద్దున గుల్ల బయటికి రాబోయి కిటికీలో ఇరుక్కుంటుంది, తల బయట, ఒళ్ళు లోపల. అది మెత్తటి తూటాలతోనే. మధ్యాహ్నం తుపాకీ బాగా వేడెక్కాక గుల్ల అసలు కదలదు, లోపలే అతుక్కుపోతుంది. అది ఆ కొత్త కంపెనీ తూటాలతో. రెండూ ఒకటి కాదు."

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఎవరూ అడగలేదు. భుజం గట్టిగా పెట్టమన్నారు, పెట్టాను."

కాప్టెన్ నా వైపు చూసింది. నేను సుబేదారు వైపు చూశాను. ఇక ఆయన్ని ఒప్పించాలి. తుపాకీ ఆగినప్పుడు ఆగినట్టే నేను చూడాలి. ఆయన ముట్టుకోకూడదు.

"నహీ ఇంజినీర్ సాబ్" అన్నాడు మొదటి మాటే. "భరీ హుయీ బందూక్‌కో మై ఏక్ సెకండ్ నహీ ఛోడ్తా." లోపల తూటా ఉన్న తుపాకీని క్షణం కూడా వదలడట. ఆయనది మొండితనం కాదు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ మైదానం మీద ఎవరికీ గోరంత గాయం కాలేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. తుపాకీ ఆగితే అమ్మాయి గొట్టం మైదానం వైపే ఉంచి, వేలు తీసేసి, కదలకుండా నిలబడుతుంది. సుబేదారు ఆమె పక్కనే ఉంటాడు. నేను వచ్చి చూసి తల ఊపాకే ఆయన ఖాళీ చేస్తాడు.

రెండు రోజుల్లో అంతా ఆ అమ్మాయి చెప్పినట్టే కనిపించింది. పొద్దున గుల్ల కిటికీలో ఇరుక్కుంటోంది. అంటే బోల్టు పూర్తిగా వెనక్కి వెళ్ళడం లేదు, బలం చాలడం లేదు. మధ్యాహ్నం గుల్ల లోపలే అతుక్కుంటోంది. అంటే బలం ఉంది, గుల్లే ఊడి రావడం లేదు. రెండు వేరు వేరు రోగాలకు మేమంతా ఒకే పేరు పెట్టి, ఒకే మందు వేస్తూ వచ్చాం. నేను మధ్యాహ్నం పూట, తుపాకీ వేడెక్కక ముందు, మెత్తటి తూటాలు నాలుగు కాల్చి బాగుందన్నాను. రెండు రోగాలూ కనిపించని వేళ చూసుకుని మరీ పరీక్ష పెట్టానన్నమాట.

భుజం సంగతి మాత్రం అందరి ముందూ తేలాలనుకున్నాను. మూడో రోజు పొద్దున ముదీర్‌ను మళ్ళీ రమ్మన్నాను. మగవాళ్ళ జట్టు నాయకుడు కూడా వచ్చి నిలబడ్డాడు. చలి కొరికేస్తోంది. ఫార్మసిస్టు చేతిలోని తుపాకీనే, ఆమె పెట్టెలోని తూటాలతోనే, సుబేదారు చేతికిచ్చాను. "మీరు కాల్చండి."

ఆయన నవ్వి, ఆ తుపాకీని తన విశాలమైన భుజానికి ఆనించాడు. కర్టెన్ కాదు, కోట గోడే. ఢామ్మని ఒక శబ్దం. రెండో శబ్దం లేదు. గుల్ల తల కిటికీలోంచి బయటికి చూస్తోంది.

సుబేదారు తుపాకీని ఖాళీ చేసి బల్ల మీద పెట్టి, ముదీర్ వైపు తిరిగి, సెల్యూట్ చేస్తున్నంత నిటారుగా నిలబడి అన్నాడు: "ముదీర్ సాబ్, ఫిర్ తో మేరా కంధా భీ కమ్జోర్ హై."

అలాగైతే నా భుజమూ బలహీనమైనదే అని. ముదీర్‌కు ఉర్దూ కొంత వచ్చు. ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. జట్టు నాయకుడు మాత్రం, "తుపాకీ పాడైనట్టుంది, మావి బానే ఉన్నాయిగా" అని గొణుక్కుంటూ వెళ్ళాడు.

ఆ రోజే తుపాకులన్నీ విప్పి పరిచాను. పిస్టన్ల మీద, బోల్టు దారుల మీద చిక్కటి నూనె. ఇసుక, ఎండ ఉన్న దేశంలో ఇదే మంచిదని డీలరు మనిషి ఇచ్చివెళ్ళిన డబ్బాలోది. జెద్దా ఎండలో అది నీళ్ళలా పారుతుంది. ఖమీస్ చలికి పేరుకున్న నెయ్యిలా గడ్డకట్టి, అసలే బలం తక్కువైన తూటాను ఇంకా వెనక్కి లాగుతోంది. ఎండెక్కాక కరిగి దారిస్తోంది. మధ్యాహ్నం నా పరీక్ష నెగ్గింది అందుకే.

నూనె ఒక్కటే అయితే తుడిచేస్తే పోయేది. తుడిచాను, వాయువు వచ్చే రంధ్రాల్లో పేరుకున్న మసి తీశాను, పల్చటి నూనె చుక్క మాత్రం రాశాను. మర్నాడు పొద్దున చాలా వరకు నయం. కానీ రెండు తుపాకులు ఇంకా తడబడ్డాయి. పోటీలో మూడో తడబాటు చాలు కొంప ముంచడానికి. అప్పుడు పిస్టన్లను చేతిలోకి తీసుకుని ఒక్కొక్కటే తిప్పి చూశాను. ఆ రకం తుపాకులతో కంపెనీ రెండు పిస్టన్లు పంపుతుంది, ఒకటి బరువు తూటాలకు, ఒకటి తేలిక వాటికి. తేలికవే బిగించామని డీలరు మనిషి వచ్చినప్పుడు చెప్పాడు, నమ్మేశాను. చేతిలో ఉన్నవి బరువు తూటాలవి!

స్టోర్ గదిలో, అటక మీద, తుపాకులు వచ్చిన అట్టపెట్టెలు ఇంకా ఉన్నాయి. సుబేదారు నిచ్చెన పట్టుకున్నాడు. ఒక పెట్టె దించి లోపలి స్పాంజి ఎత్తి చూస్తే, నూనె కాగితంలో చుట్టిన తేలిక పిస్టన్ అలాగే ఉంది. ఇంకో పెట్టె తీశాం, అందులోనూ ఉంది. అన్నిటిలోనూ ఉన్నాయి. మేమిద్దరం ఆ దుమ్ములో నిలబడి చిన్నపిల్లల్లా కేకలు పెడుతుంటే, ఏమైందోనని కాప్టెన్ పరుగెత్తుకొచ్చింది. చూపించాను. ఆవిడకు వివరించనక్కర్లేకపోయింది. ఒక పిస్టన్ తీసుకుని ముద్దుపెట్టుకుంది, మూతికి నూనె అంటింది.

మధ్యాహ్నం రోగానికి మందు ఇంకా సులువు. ఆ కొత్త కంపెనీ తూటాల అడుగు చూడటానికి ఇత్తడిలా మెరుస్తుంది గానీ అయస్కాంతం పెడితే అతుక్కుంటుంది. లోపల ఇనుము, పైన పూత. ఇత్తడి వేడికి సాగినా వెంటనే సర్దుకుంటుంది. ఇనుము అంతగా సర్దుకోదు, బిగుసుకుంటుంది. దానికి తోడు మంచు తేమకు మా తుపాకుల ఛాంబర్లలో, అంటే తూటా కూర్చునే చోట, సన్నటి తుప్పు, కాలిన ప్లాస్టిక్ పొర. బ్రష్షులతో తోమి అద్దంలా చేశాను. ఆ తూటాలు ఇక వద్దన్నాను.

మళ్ళీ పరీక్ష పెట్టాం. ఈసారి నాకు నచ్చిన వేళ కాదు. పొద్దున చలిలో కాల్చాం, ఎండలో కాల్చాం, గొట్టం చెయ్యి పెట్టలేనంత వేడెక్కేదాకా కాల్చాం. గుల్లలు ఒకదాని వెంట ఒకటి కుడి పక్కకు ఎగిరిపడుతుంటే, ఆ చప్పుడు ఎంత బావుంటుందో తుపాకులు బాగుచేసేవాడికి మాత్రమే తెలుస్తుంది. ముదీర్ జట్టు పేరు ఉంచాడు.

మగవాళ్ళ నాయకుడి దగ్గరికి కూడా వెళ్ళాను. "మీవీ ఇదే రకం. పోటీలో తేలిక తూటాలే కదా. ఒక పూట ఇవ్వండి, పిస్టన్లు మార్చి ఇస్తాను" అన్నాను.

"మా భుజాలకు ఆ జబ్బు లేదు ముహందిస్" అన్నాడు. "మొన్న మధ్యాహ్నం తేలికవి కాల్చి చూశాం. బ్రహ్మాండంగా ఉన్నాయి."

మధ్యాహ్నమా అని అడగబోయి, ఆయన ముఖం చూసి ఊరుకున్నాను. సొంత తుపాకులు, బలవంతం చేయలేను.

పోటీ శనివారం పొద్దున. ఆ రోజు మంచు మామూలుగా లేదు. బురుజులు కనిపించక మొదలుపెట్టడమే ఆలస్యమైంది. ఈలోపు ఇంకో పిడుగు పడింది. జట్లన్నీ ఒకే తూటాలు వాడాలని, ఎవరో దాత ఇచ్చిన పెట్టెలు పంచుతున్నారు. మేం ఎప్పుడూ కాల్చని రకం. కాప్టెన్ పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. జేబులోంచి అయస్కాంతం తీసి తూటా అడుగున పెట్టాను. టక్కున అతుక్కుంది.

భయమేసింది. కానీ భయపడటానికి ఈసారి కారణం తెలుసు. కారణం తెలిసిన భయంతో ఏదో ఒకటి చేయొచ్చు. తేలిక పిస్టన్ ఉంది కాబట్టి చలి సంగతి అది చూసుకుంటుంది. వేడి సంగతి మేం చూసుకోవాలి. "ప్రతి రౌండుకీ మధ్య తుపాకీ నాకివ్వండి. ఛాంబర్ తోమి, తడిగుడ్డతో గొట్టం చల్లార్చి ఇస్తాను" అన్నాను. సుబేదారు ఆ రోజు రేంజ్ డ్యూటీలో లేడు, బయటి న్యాయనిర్ణేతలు వచ్చారు. అందుకని సుబేదారు కోటు విప్పి, చొక్కా చేతులు పైకి మడిచి నా పక్కన నిలబడ్డాడు. నేను బ్రష్షు, ఆయన గుడ్డ. పొద్దున నుంచి మేం తల ఎత్తలేదు.

తల ఎత్తకపోయినా చెవులు వింటూనే ఉన్నాయి. మా అమ్మాయిలు కాలుస్తుంటే ఢామ్, ఢామ్. రెండూ వినిపిస్తున్నాయి. పక్క మైదానంలో మగవాళ్ళ పోటీ. అక్కడ ఒక ఢామ్, తర్వాత నిశ్శబ్దం. మళ్ళీ ఒక ఢామ్, మళ్ళీ నిశ్శబ్దం. సుబేదారు గుడ్డ పిండుతూ నా వైపు ఓరగా చూశాడు. నవ్వకూడదని ఇద్దరికీ తెలుసు. మా క్లబ్బే కదా. ఆయన మీసం మాత్రం కదిలింది.

మధ్యాహ్నానికి మంచు విడి ఎండ కాచింది. మహిళల పోటీలో చివరికి ఇద్దరు మిగిలారు. రియాద్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి, రెండు గొట్టాల తుపాకీతో. దానికి తిప్పలే లేవు, జామయ్యేది అందులో ఏమీ ఉండదు. ఇటు మా ఫార్మసిస్టు. ఇద్దరి లెక్కా సమానం. జంట పళ్ళాలతో తేల్చాలన్నారు, ఎవరు ముందు తప్పితే వాళ్ళు ఓడినట్టు. ఇక మధ్యలో తుపాకీ నా చేతికి రాదు.

మా ఫార్మసిస్టు తండ్రి దూరాన ఉన్న ఉనైజా ఊరి నుంచి వచ్చాడు. ఖర్జూర తోటలున్న రైతు. కూతురు తుపాకీ పట్టడం ఎప్పుడూ చూడలేదట. తల మీది గుట్ర గుడ్డ సర్దుకుంటూ, ముందు వరసలో కూర్చోలేక లేచి నిలబడ్డాడు. మా ఆవిడ కూడా డ్యూటీ మార్చుకుని వచ్చి, శాలువా కప్పుకుని వెనక నిలబడింది.

రియాద్ అమ్మాయి రెండూ కొట్టింది. మా అమ్మాయి రెండూ కొట్టింది. మళ్ళీ ఇద్దరూ కొట్టారు. గొట్టం మీద గాలి వేడికి వణుకుతోంది. ఆ తుపాకీ లోపల ఏ భాగం ఎక్కడుందో నాకు కళ్ళు మూసుకున్నా కనిపిస్తోంది. ఛాంబర్లో గుల్ల సాగుతుంది, సర్దుకోవాలి, ఊడి రావాలి. సుబేదారు పెదవులు కదుపుతూ ఏదో చదువుకుంటున్నాడు. నేనూ నాకొచ్చిన ప్రార్థన చేసుకున్నాను.

రియాద్ అమ్మాయి మూడోసారి రెండో పళ్ళానికి వెంట్రుకవాసిలో గురి తప్పింది.

మా అమ్మాయి స్థానంలోకి వచ్చింది. ఊపిరి పీల్చుకుంది. "హాప్!" అని అరిచింది. రెండు పళ్ళాలూ లేచాయి. ఢామ్. మొదటిది పొడి. గుల్ల ఎండలో మెరుస్తూ కుడి పక్కకు ఎగరడం చూశాను. నాకు ఇక పళ్ళెం చూడాల్సిన పని లేకపోయింది. నా వంతు అయిపోయింది, మిగిలింది ఆమెది. ఢామ్! రెండోది కూడా నల్లటి పొగలా విచ్చుకుంది.

ఆ తర్వాత ఎవరు ఎవరిని కౌగిలించుకున్నారో చెప్పలేను. కాప్టెన్ ఏడుస్తోంది. టీచరు ఎగురుతోంది. సుబేదారు నన్ను అమాంతం ఎత్తి దించాడు, నడుం పట్టేసింది. ఉనైజా పెద్దాయన ఎవరినీ పట్టించుకోకుండా మైదానం గీత దాటబోతే న్యాయనిర్ణేత ఆపాడు. ఆగి, అక్కడి నుంచే కూతురి పేరు పెట్టి గట్టిగా పిలిచాడు. ఆమె తుపాకీని ఖాళీ చేసి, బల్ల మీద పెట్టి, అప్పుడు పరుగెత్తింది. అంత సంతోషంలోనూ ముందు తుపాకీ ఖాళీ చేసింది చూడండి, ఆ శిక్షణ సుబేదారుది. జట్టు కప్పు కూడా మాదే అయింది. ముదీర్ నన్ను ఫొటోలోకి పిలిచాడు. నా చేతుల నిండా మసి. కడుక్కొస్తానంటే, "వద్దు, అలాగే రా" అన్నాడు.

మా ఆవిడ ఇంటికొచ్చే దారిలో కార్లో అంది: "ఫీజేమన్నా ఇస్తారా నాకు?" ఆ వారమంతా వంట నేనే చేశాను.

ఆ కథ నుంచి నేర్చుకోవలసింది పెద్దగా ఏమీ లేదు. పని చేసేవాణ్ణి అడగాలి, రోగం కనిపించే వేళే చూడాలి, ఒక్క పేరు కింద ఎన్ని తప్పులు దాక్కున్నాయో విడదీయాలి. ఇవన్నీ ఏ ఫోర్‌మన్ అయినా చెబుతాడు. నాకు మాత్రం ఆ సంగతులు ఒంట పట్టడానికి ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు, ఒక సుబేదారు కావాల్సి వచ్చారు. తర్వాత కొన్నేళ్ళు అక్కడే చేసి, ఫైనల్ ఎగ్జిట్ తీసుకుని ఒంగోలు వచ్చేశాం. ఎన్నో యంత్రాలు బాగుచేశాను, చాలావాటికి చప్పట్లు లేవు. ఆ ఒక్కదానికి దొరికాయి, అది చాలు.

పోటీల మర్నాడు, ఆదివారం, పొద్దున్నే తుపాకుల గది తలుపు తీశాను. మగవాళ్ళ జట్టు నాయకుడు అప్పటికే బయట నిలబడి ఉన్నాడు. లోపలికొచ్చి, తన తుపాకీ సంచీని నా బల్ల మీద పెట్టాడు. విప్పాను, తుడిచాను, తేలిక పిస్టన్ బిగించాను, ఛాంబర్ తోమాను, ఆయన చేతికిచ్చాను. ఆయన బోల్టు ఒకసారి లాగి వదిలాడు. అది మెత్తగా వెనక్కి వెళ్ళి చప్పున వచ్చి కూర్చుంది.

"షుక్రన్ ముహందిస్" అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, ఇటు తిరక్కుండానే అడిగాడు: "ఆడవాళ్ళ ప్రాక్టీసు రేపు ఎన్నింటికి? వాళ్ళకు అభ్యంతరం లేకపోతే మేమూ ఆ టైముకే వస్తాం."